కిందనే ఉన్నదా, కిందనే ఉంటదా

మా తెలకపల్లి మీదికెల్లి పోయే విమానాలకు పాతికేండ్లు పట్నంల కూసొని తొవ్వ చెప్పిన. రాడార్ గదిల, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకొని. రిటైరై చానేండ్లయింది. ఈ పనిలకు కొత్తగ వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తరు. మీ సర్వీసుల మరిచిపోలేని రోజు ఏందని అడుగుతరు. రెండు విమానాలు గుద్దుకోబోతుంటె నేను ఆపిన కథ చెప్తనని వాళ్ళ ఆశ. నా దగ్గరున్నది ఆ కథ కాదు. రెండు విమానాలు వాటంతటవే తప్పుకుంటుంటె నేను నడుమల అడ్డం పడ్డ కథ. అందుల కొంత ఇప్పటికీ నాకే సమజ్ కాలేదు. కానిది కానట్టే చెప్త, వినుండ్రి.

రెండువేల సంవత్సరం దాటినంక మొదటి ఏండ్లు. పెద్ద విమానాలన్నిట్ల టీకాస్ అనే యంత్రం పెట్టుడు తప్పనిసరి అయ్యి ఎక్కువ రోజులు కాలేదు. మాకు రెండు పూటలు క్లాసు చెప్పిన్రు. ఒక విమానంల యంత్రం చుట్టుపక్కల విమానాలను మాటిమాటికి పలకరిస్తది, అవి జవాబిస్తయి. ఎవరు ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎంత జోరుగ దగ్గరికొస్తున్నరు అన్నది లెక్క తీస్తది. ముప్పు దగ్గరపడితె పైలట్‌కు మీదికి పో, కిందికి పో అని ఆర్డరిస్తది. రెండు విమానాలల్లా యంత్రముంటె, అవి రెండూ ముందే మాట్లాడుకొని ఒకటి మీదికి, ఇంకొకటి కిందికి పంచుకుంటయి. పైలట్ మాకు "టీకాస్ ఆర్ఏ" అని చెప్తడు, అంటె యంత్రం ఆర్డరిచ్చింది, దాని మాటే వింటున్న అని. ఆ మాట ఇన్నంక మేము నోరు మూసుకోవాలె. ముప్పు దాటిందని పైలట్ మళ్ళ చెప్పేదాక ఆ రెండు విమానాలకు ఎక్కుమని గాని దిగుమని గాని చెప్పొద్దు. క్లాసుల తలకాయ ఊపినం. పరీక్ష పాసైనం. నోరు మూసుకొనుడు నేర్చుకోవాల్సిన విద్య అని అప్పుడు నాకు అనిపించలె.

మా గదిల పాలమూరు జిల్లావోళ్ళం ఇద్దరమే. నేను, ఇంకొకాయన గద్వాల దిక్కు మనిషి. వనపర్తిల చదువుకునేటప్పుడు ఇద్దరం ఒకే రూముల ఉన్నం. నాకంటె రెండేండ్లు పెద్ద. నేను అన్నా అని పిలుస్తుంటి, ఆయన తమ్మీ అంటుండె. వాళ్ళ ఊరు కర్ణాటక ఒడ్డుకు ఉంటది గనక కోపమొచ్చినా, ప్రేమొచ్చినా నడుమల ఒక కన్నడ మాట పడుతుండె. పనిల నాకంటె కచ్చితం. పెన్సిల్ కూడ నాకంటె సన్నగ చెక్కుకుంటుండె.

గదిల మాట్లాడేదంత ఇంగ్లీషే. పైలట్లతోటి ఏ మాట ఎట్ల అనాలెనో పుస్తకంల రాసి ఉంటది, ఒక్క మాట అటిటు కావద్దు. ఒకరు సీటు దిగి ఇంకొకరు కూసునేటప్పుడు అప్పగింతలకు కూడ ఇంగ్లీషు వరుస ఒకటి ఉండె. కాని గంటల తరబడి ఆ భాషల మాట్లాడి నోరెండిపోయినోళ్ళం, ఆ ఒక్క నిమిషం మన మాట మాట్లాడుకుంటుంటిమి. మూడో మనిషికి వినిపియ్యదు, దీంట్ల నష్టమేందని అనుకుంటుంటిమి.

అప్పగింతల ఇంకొక నియమం కూడ ఉండె. ఒక్కొక్క విమానానికి ఒక్కొక్క కాయితం పట్టీ ఉంటది. దాన్ని ఎంత ఎత్తు దాక ఎక్కనిచ్చినమో దానిమీద రాస్తం. కొత్తగ కూసునేటోడు ఆ పట్టీలన్నిటి మీద వేలు పెట్టి చూసుకోవాలె.

ఆ రోజు పగలు మూడు దాటింది. సీట్ల గద్వాలాయన ఉన్నడు, నేను ఆయనను దించాలె. పట్నంల లేసి బెంగళూరు పోయే విమానమొకటి దక్షిణం దిక్కు ఎక్కుకుంట పోతున్నది. బెంగళూరుల లేసి ఢిల్లీ పోయేది ఎదురుంగ ముప్పై వేల అడుగుల మీద వస్తున్నది. ఇద్దరిదీ ఒకటే తొవ్వ. ఎక్కేదాన్ని ఇరవై ఎనిమిది వేల కాడ ఆపాలె, ఢిల్లీది దాటినంక మళ్ళ ఎక్కనియ్యాలె. ఇది రోజూ చేసే పని, చిన్న పిల్లగానికి కూడ చెప్పొచ్చు.

గద్వాలాయన లేసి హెడ్‌సెట్ తీసి నా చేతికిచ్చుకుంట ఐదారు విమానాల గురించి గబగబ చెప్పిండు. అందుల ఈ మాట కూడ ఉన్నది.

"బెంగళూరుది కిందనే ఉంటది, చూస్కో తమ్మీ."

నేనిన్నది గదే మాట. ఉంటది. అంటె బెంగళూరు పోయేదాన్ని ఇరవై ఎనిమిది వేల కాడ ఆపేసిండు, అది కిందనే ఉంటదని నాకు అర్థమైంది. సరే అన్న. ఆయన ఛాయ్‌కు పోయిండు. నేను పట్టీల మీద వేలు పెట్టలె. పెట్టి ఉంటె దానిమీద ముప్పై మూడు వేలు అని కనవడుతుండె. ఆయన దాన్ని ఆపలే. పూర్తి ఎత్తుకు ఎక్కనిచ్చి, ఢిల్లీది దగ్గరికొచ్చినప్పుడు ఆపుదమని ఉన్నడు.

సీట్ల కూసున్న మరుక్షణమే తూర్పు దిక్కు నుంచి ఇంకొక పైలట్ మబ్బుల్ని తప్పించుకోనీకె పక్కకు పోతనని అడిగిండు. అక్కడ ఇంకో విమానముండె. ఆ లెక్క చూసుడుల నాకు రెండు మూడు నిమిషాలు పట్టింది. మళ్ళ ఈ దిక్కు చూసేటాలకు తెర మీద బెంగళూరు విమానం పక్కన అంకె ఇరవై తొమ్మిది వేల నాలుగు వందలు. పక్కనే మీదికి చూపెట్టే బాణం గుర్తు. రెండు చుక్కల నడుమ పది మైళ్ళు కూడ లేవు. ఎదురెదురుగ వచ్చే విమానాలకు పది మైళ్ళంటె నలభై సెకన్ల ముచ్చట.

బెంగళూరు విమానాన్ని వెంటనే దిగుమన్న. ఢిల్లీదాన్ని వెంటనే ఎక్కుమన్న. తెర చూస్తె గదే న్యాయం, కింద ఉన్నది కిందికి, మీద ఉన్నది మీదికి. కాని తెర మీది అంకె పది సెకన్ల కిందటిది. రాడార్ ఒక్క చుట్టు తిరిగొస్తెనె అంకె మారుతది. ఆ పది సెకన్లల్ల ఎక్కే విమానం దాదాపు ఢిల్లీ విమానం ఎత్తుకు చేరింది. ఆ జోరుల అది ఇంక మీదికి పోవుడే మేలని యంత్రాలు రెండూ లెక్క తీసి, నువ్వు ఎక్కు, నువ్వు దిగు అని పంచుకున్నయి. నేను చెప్పింది పూర తలకిందులు.

బెంగళూరు విమానం నడిపేది ఒక ఆడ కెప్టెన్. ఆమె గొంతు ఇప్పటికీ యాదికున్నది. "టీకాస్ ఆర్ఏ" అన్నది, అంతే. కూరగాయలు బేరం చేసినంత సాదాగ అన్నది. తర్వాత ఢిల్లీ విమానం కెప్టెన్ కూడ గదే మాట అన్నడు. ఆయన గొంతుల మాత్రం దమ్ము పట్టినట్టున్నది. తెర మీద రెండు చుక్కలు ఒకటైనయి. మళ్ళ రెండైనయి. ముప్పు దాటిందని ముందు ఆమె చెప్పింది, తర్వాత ఆయన చెప్పిండు. నాలుగు వందల అడుగుల తేడాతోటి ఒకదాని మీదికెల్లి ఒకటి పోయినయి. ఢిల్లీ విమానంల ఛాయ్ బండి దొబ్బుతున్న ఎయిర్ హోస్టెస్ ఒకామె పడి చెయ్యి విరిగింది. మిగిలినోళ్ళకు ఏం కాలె.

మా సూపర్‌వైజర్ వెనుక నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యేసి హెడ్‌సెట్ తనే తీసిండు. తిట్టలె. పక్క రూముల కూసొని జరిగింది జరిగినట్టు రాయి అన్నడు.

రాసిన. రెండు ముక్కలు ముఖ్యం. ఒకటి, అప్పగింతల నాకు "కిందనే ఉంటది" అని చెప్పిన్రు. రెండు, పైలట్ టీకాస్ మాట అన్నంక నేను నియమం ప్రకారం మౌనంగ ఉన్న. దేవుని సాక్షిగ నాకు గట్లనే యాదికున్నది. ఆ మౌనం కూడ యాదికున్నది. నాలుక అంగిలికి అంటుకున్నది, చెయ్యి బల్ల మీద ఉన్నది, మాట్లాడనీకె ఒత్తే స్విచ్ మీద లేదు. అంత సాఫ్‌గ యాదికున్నది.

గద్వాలాయన కూడ రాసిండు. ఆయన రాసింది వేరే. తను "కిందనే ఉన్నది, చూస్కో" అన్ననన్నడు. ఇంక కిందనే ఉన్నది, ఎక్కుతున్నది, కన్నేసి ఉంచు అని దాని అర్థం. ఉన్నది, ఉంటది. నడుమల ఒక్క అక్షరం తేడా. ఆ గదిల మా అప్పగింత మాటలు టేపుల పడవు, పైలట్లతోటి మాట్లాడేదే పడతది. ఇద్దరిల ఎవరు చెప్పింది నిజమో చెప్పనీకె మూడో మనిషి లేడు.

ఇద్దరినీ సీటు దించిన్రు. విచారణ దాక సెలవు పెట్టుమన్నరు. సెలవు మొదలుకాకముందు క్యాంటీన్ల ఆయన ఎదురైతె నేను నీళ్ళ కాడికి పోయిన. నేను ఎదురైతె ఆయన పేపర్ ఎత్తి పట్టుకున్నడు. ఒకే కంచంల తిన్నోళ్ళం.

సెలవుల బల్మూరు పోయిన, మా అక్క ఇంటికి. నాగర్‌కర్నూల్ల బస్సు దిగి, ఇంకో బస్సు పట్టి. పల్లి చేను పీకే రోజులు. చెట్లు కుప్పలేసి ఆడోళ్ళు చుట్టు కూసొని కాయ తెంపుతున్నరు. నేను కూడ కూసొని తెంపిన. ఫలానా రోజు, మూడు దాటినంక, ఆకాశంల రెండు విమానాలు చాన దగ్గరికెల్లి పోయినయి, ఎవరన్న చూసిన్రా అని అడిగిన. ఎవ్వరు చూడలె. ఆ వేళకు వీపు మీద ఎండ పడుతది, తల ఎవరెత్తుతరని ఒకామె అన్నది. వనపర్తి నుంచి బల్మూరు దాక అంతమంది నెత్తి మీద అంత పని జరిగితె ఒక్కరికి తెల్వదు. నాకదొక వింతగ అనిపించింది. మూడు వందల మంది పానం పోయేదుండె అని చెప్పాలని ఉండె, చెప్పలే.

అక్కకు మాత్రం చెప్పిన. అంత పెద్ద ఆకాశంల రెండు విమానాలు ఎట్ల గుద్దుకుంటయని అడిగింది. విమానాలు ఇష్టమొచ్చినట్టు పోవు, తొవ్వలుంటయి అని చెప్పిన. మరి యంత్రం ఏం చేస్తదన్నది. పొలం ఒడ్డు మీద ఇద్దరు ఎదురైతె ఏం చేస్తరో చెప్పిన. నువ్వు పక్కకు జరుగుతవు, ఎదుటామె కూడ అదే పక్కకు జరుగుతది, మళ్ళ ఇద్దరూ రెండో పక్కకు జరుగుతరు, చివరికి ఒకరినొకరు గుద్దుకుంటరు. గట్ల కాకుండ యంత్రాలు ముందే మాట్లాడుకుంటయి, నువ్వు గిటు, నేను గటు అని. పైలట్ ఆ మాట వింటె చాలు. అక్క కాయ తెంపుకుంటనే ఇన్నది. తల ఎత్తకుండనే అడిగింది.

"అవి రెండు మాట్లాడుకున్నంక నడుమల నువ్వెందుకు ఒర్రినవ్ మరి?"

"అవి మాట్లాడుకున్నది నాకు తెల్వదక్కా. తెలిసినంక నేను సప్పుడు చేయలే."

"తెలిసినంక చేయలే గద. అయితె మంచిదే," అన్నది.

ఆ జవాబు నేను ధైర్యంగనే ఇచ్చిన.

విచారణ మూడు వారాలకు జరిగింది. ముగ్గురు పెద్ద ఆఫీసర్లు. ఆ ఇద్దరు కెప్టెన్లల్ల ఢిల్లీ విమానం కెప్టెన్ స్వయంగ వచ్చిండు, తల నెరిసిన మనిషి. ముందుగాల టేపు వేసిన్రు.

టేపుల నా గొంతు. బెంగళూరు విమానాన్ని దిగుమన్నది, ఢిల్లీదాన్ని ఎక్కుమన్నది. తర్వాత ఆమె గొంతు, టీకాస్ ఆర్ఏ. ఇప్పుడు మౌనం వస్తదని చూస్తున్న. మళ్ళ నా గొంతే వచ్చింది. దిగు, వెంటనే దిగు. ఆమె జవాబియ్యలె. ఇంకోసారి నా గొంతు, ఈసారి గట్టిగ, ఒర్రినట్టే. దిగు.

వేరే ఎవరి గొంతో అనుకున్న ముందు. గొంతు నాదే. ఆ మాట సాగదీసే తీరు మా తెలకపల్లి తీరే, నేనెంత ఇంగ్లీషు మాట్లాడినా అది పోదు. నేను అబద్ధం రాయలె. కాని రాసింది జరగలె. ఈ రెండూ ఒక్క తలకాయల ఎట్ల పడతయో నాకు తెల్వలె, ఇప్పటికీ తెల్వదు.

నెరిసిన కెప్టెన్‌ను అడిగిన్రు, మీ విమానం ముందు కొంచెం ఎందుకు ఎక్కిందని. యంత్రం దిగుమనే ముందు కింది నుంచి ఎక్కుమన్న మాట వచ్చిందన్నడు. యంత్రం ఒర్రినంక కూడ మూడు సెకన్లు చెయ్యి తిప్పలేదన్నడు. ఇన్నేండ్లు కింది నుంచి వచ్చే గొంతును నమ్మి విమానం నడిపిన, ఆ అలవాటు చేతుల నుంచి పోనీకె మూడు సెకన్లు పట్టిందన్నడు. నన్ను తప్పు పట్టినట్టు చెప్పలె. నన్ను చూసి కూడ చెప్పలె. ఆ ఎయిర్ హోస్టెస్ చెయ్యి విరిగింది ఆ మూడు సెకన్ల తర్వాత ఒక్కసారి విమానాన్ని కిందికి దొబ్బినప్పుడే. ఆయన నమ్మింది నన్ను.

తర్వాత ఉన్నది, ఉంటది లెక్క. అధ్యక్షుడు ఉత్తరాదాయన. రెండు మాటలకు తేడా ఏందని అడిగిండు. పక్కనున్న తెలుగు ఆఫీసర్ ఒకటి ఇప్పటి సంగతి, ఇంకొకటి జరగబోయే సంగతి అన్నడు. ఇంకొక తెలుగు ఆఫీసర్ కోస్తా మనిషి, కాదు, ఉంటది అంటె ఎప్పుడూ గట్లనే ఉంటదని కూడ అర్థమొస్తదన్నడు. అరగంట ఇద్దరూ వ్యాకరణం చెప్పుకున్నరు. అధ్యక్షునికి ఛాయ్ తెప్పించిన్రు. రెండు విమానాలు నలభై సెకన్లల్ల తేల్చుకున్న ముచ్చట మాకు అరగంటల తేలలె.

చివరికి అధ్యక్షుడు నా దిక్కు తిరిగి, మీ సహోద్యోగి ఏ మాట అన్నడో ఖాయంగ చెప్పుమన్నడు.

గద్వాలాయన గోడ దిక్కు కుర్చీల కూసున్నడు. నేను "ఉంటది" అంటె తప్పు ఆయనది, "ఉన్నది" అంటె తప్పు నాది. పొద్దున ఇంట్ల నుంచి వచ్చేటప్పుడు నాకు ఏ డౌటు లేకుండె. ఆ మాట చెవుల మోగుతుండె. కాని ఇంతకుముందే నా మౌనం కూడ గట్లనే యాదికుండె గద. అంతకంటె సాఫ్‌గ యాదికుండె.

"నాకు తెల్వదు సార్," అన్న.

అయితె ఆయన చెప్పిందే నిజమని ఒప్పుకుంటున్నరా అని అడిగిండు. అదీ చెప్పలేనన్న. మీరు రాసిచ్చిన కాయితంల ఉంటది అని ఉన్నది గద అన్నడు. రాసినప్పుడు తెలుసు, ఇప్పుడు తెల్వదు అన్న. రాసుకునే గుమాస్తా కలం ఆపి అధ్యక్షుని దిక్కు చూసిండు, దీన్ని ఎట్ల రాయాలెనో తెల్వక. గద్వాలాయన కూడ మొదటిసారి నా దిక్కు చూసిండు. ఆయన ముఖంల కోపమున్నదా, ఇంకేమన్న ఉన్నదా నాకు తెల్వలె.

తీర్పు ఇద్దరికీ పడ్డది. పట్టీ చూసుకోకుండ, నియమం మాటలల్ల కాకుండ అప్పగింత చేసినందుకు ఇద్దరికీ. టీకాస్ మాట ఇన్నంక కూడ ఆర్డర్లిచ్చినందుకు నాకు అదనంగ. ఇద్దరం మళ్ళ శిక్షణకు పోవాలె, మళ్ళ పరీక్ష రాయాలె. గదిల అప్పగింత ఇంగ్లీషులనే, పట్టీ మీద వేలు పెట్టి, పైకి చదివి చేయాలని కాయితం అంటించిన్రు. ఆ కాయితం కింద మా ఇద్దరి పేర్లు లేవు గాని అందరికీ తెలుసు.

శిక్షణ అయినంక గద్వాలాయన బదిలీ అడుక్కున్నడు. వేరే రాష్ట్రంల చిన్న విమానాశ్రయం. పోయే ముందు ఊరికి పోతున్నడని తెలిసి బస్‌స్టాండుకు పోయిన. గద్వాల బస్సు ఇంక రాలే. ఆయన బ్యాగు మీద కూసొని ఉన్నడు. నేను పక్కకు పోయి నిలబడ్డ. పొమ్మనలె. కొంచెంసేపు వానల గురించి, వాళ్ళ ఊరి మిరప చేను గురించి మాట్లాడినం. తర్వాత ఆయనే అడిగిండు.

"నిజం చెప్పు తమ్మీ. నువ్వు ఇన్నది ఏంది?"

"మొదట్ల ఉంటది అన్నట్టే ఇన్న. ఇప్పుడు రెండూ ఇనొస్తున్నయన్నా. నీ గొంతుతోనే."

ఆయన బస్సొచ్చే దిక్కు చూసిండు. "నేను ఉన్నది అన్ననని కాయితం మీద రాసిన. ఆ రాత మీద నిలబడ్డ. నువ్వు తెల్వదన్ననాటి నుంచి నాకు కూడ తెల్వకుంటైంది. పొద్దున ఒక తీరు, పొద్దూకి ఒక తీరు," అన్నడు.

ఆయన కోసం గట్ల చెప్పలేదన్న నేను. ఆయనను కాపాడనీకె చెప్పిననుకుంటున్నడేమోనని. ఆయన నవ్విండు. "ఇరలి బిడు," అన్నడు. పోనీలే అని వాళ్ళ దిక్కు మాట. బస్సొచ్చింది, ఎక్కిండు. కిటికీల నుంచి చెయ్యి ఊపిండో, బ్యాగు సర్దుకున్నడో సరిగ్గ కనవడలె.

మళ్ళ సీట్ల కూసునేటాలకు నాకు చాన నెలలు పట్టింది. ఒక మనిషి సర్వీసుల టీకాస్ మాట ఒక్కసారి వింటె ఎక్కువ. నాకు రెండోసారి కూడ వచ్చింది. ఈసారి ఎవ్వరి తప్పు లేదు. ఒక విమానం మీదిదానికి వెయ్యి అడుగుల కింద ఆగేదుండె, సక్కగనే ఆగబోతున్నది, కాని జోరుగ ఎక్కొస్తుంటె మీదిదాంట్ల యంత్రానికి అది ఆగుతదని తెల్వదు గద, గుద్దుతదేమోనని లెక్క తీసి పైలట్‌ను ఇంకింత ఎక్కుమన్నది. పైలట్ నాకు చెప్పిండు. నేను పుస్తకంల ఉన్నట్టు, విన్ననని ఒక్క మాట అన్న. తర్వాత చెయ్యి స్విచ్ మీది నుంచి తీసి ఒళ్ళ పెట్టుకున్న. పక్క సీటు మనిషి నా దిక్కు చూసిండు. నేను ఆయన దిక్కు చూడలె. తెర మీద అంకెలు మారుతున్నయి, నేను చేయాల్సింది ఏం లేదు. పాతికేండ్లల్ల అంత కష్టమైన పని ఇంకోటి చేయలె. ముప్పు దాటిందని పైలట్ చెప్పిండు. మళ్ళ మామూలు మాటలు మొదలైనయి.

డ్యూటీ దిగినంక అందరు శాబాష్ అన్నరు, బాగ ఓపిక పట్టినవని. నేను ఓపిక పట్టినట్టు నాకు యాదికున్నది. చెయ్యి ఒళ్ళ ఉన్నది, నాలుక అంగిలికి అంటుకున్నది, అంతా సాఫ్‌గ యాదికున్నది. గందుకే భయమైంది.

సూపర్‌వైజర్ కాడ పర్మిషన్ రాయించుకొని టేపుల గదికి పోయిన. ఏ ముక్క కావాలె సార్ అని అడిగిండు అక్కడి మనిషి. టైము చెప్పిన. పెట్టిండు. పైలట్ గొంతు, టీకాస్ ఆర్ఏ. నా గొంతు, విన్ననని. తర్వాత గరగర సప్పుడు మాత్రమే. ఆ సప్పుడు ఇరవై సెకన్లకు పైన్నే నడిచింది. ఆ తర్వాత పైలట్ గొంతు, ముప్పు దాటిందని.

"ఏం లేదు గద సార్, దేనికోసం చూస్తున్నరు?" అన్నడు ఆయన.

"ఇంకొక్కసారి పెట్టు," అన్న.